కలరా ఉండలూ, కోడలి పరీక్షలూ

మన ఇళ్ళల్లోకి కొత్తగా అడుగుపెట్టే వాటన్నిట్లోనూ కోడలికి వున్నన్ని పరీక్షలు మరి దేనికీ లేవు. గోత్రం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం. చదువెంత, వంటొచ్చా, తల్లి వైపు వాళ్ళకి షుగరుందా, తండ్రి వైపు వాళ్ళకి కోపం ఎక్కువా – అన్నీ విచారిస్తాం. వాళ్ళ వీధిలో మనకి చుట్టాలెవరైనా వుంటే చాటుగా వాకబు చేయిస్తాం. ఇంతా చేసి, పెళ్ళయిన ఏడాదిదాకా ఆ పిల్లని ఓ కంట కనిపెడుతూనే వుంటాం.

మరి నెల మొదట్లో సరుకుల చీటీలో రాసి తెప్పించుకునే ఫినాయిలు సీసాని ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా? అది దర్జాగా వచ్చి సింకు కింద కాపురం పెట్టేస్తుంది. దోమల చుట్ట మంచం కింద చేరుతుంది. బొద్దింకల మందు గ్యాసుబండ పక్కన సర్దుకుంటుంది. కలరా ఉండల సంగతి చెప్పనే అక్కర్లేదు, అవి ఏకంగా బీరువాలో పట్టుచీరల మడతల్లోనే పడుకుంటాయి! వాటి పుట్టుపూర్వోత్తరాలు మనకి తెలియవు. అడగాలని తోచదు. అమ్ముతున్నారు కాబట్టి మంచివే అయివుంటాయని మన నమ్మకం.

మనిషిని అనుమానించి, పొడిని నమ్మే ఈ పద్ధతి న్యాయమేనా అన్నది కొంతకాలంగా నన్ను వేధిస్తున్న ప్రశ్న.

ఆర్ట్స్ చదివి, నవలలు రాసుకునే దానికి ఈ కెమిస్ట్రీ గొడవెందుకు అంటారేమో. ఏం చెయ్యను, మేముండే చోటు అలాంటిది! తార్నాకలో మా ఇంటినించి ఒకవైపు నడిస్తే ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకోవైపు నడిస్తే రసాయనాల పరిశోధనాలయం, దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ. కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్న ఆవిడ భర్త సైంటిస్టు అయివుంటాడు. పాల ప్యాకెట్టు కోసం నిలబడ్డ కుర్రాడు పీహెచ్‌డీ చేస్తూ వుంటాడు. ఇక్కడ వంకాయల ధరతో పాటు వంకాయల మీద కొట్టిన మందు పేరు కూడా మాటల్లో దొర్లిపోతూ వుంటుంది.

మా వీధిలోనే ఒక అమ్మాయి వుంది. ఎమ్మెస్సీ చదివి, మందుల ముడిసరుకులు విదేశాలకి పంపే ఒక కంపెనీలో పనిచేస్తోంది. ఏం పని తల్లీ అని అడిగితే నవ్వి, "జాతకాలు రాస్తానాంటీ" అంది.

"జాతకాలేమిటి?"

"మేం పంపే ప్రతి రసాయనానికీ యూరప్ వాళ్ళు జాతకం అడుగుతారు. నీళ్ళల్లో కలిస్తే ఏమవుతుంది, చర్మానికి తగిలితే ఏమవుతుంది, చేపకేమవుతుంది, కడుపులో బిడ్డకేమవుతుంది... అన్నీ రాసి ఇస్తేగాని గుమ్మంలోకి రానివ్వరు. పైగా మనం నేరుగా ఇవ్వడానికి లేదు. అక్కడ కొనుక్కునేవాళ్ళయినా ఇవ్వాలి, లేదా మన తరఫున అక్కడే ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి."

"అంటే పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట!" అన్నాను.

ఆ మాటల్లోంచే ఆ చట్టం కథంతా విన్నాను. దాని పేరు రీచ్. రసాయనాల నమోదు, మదింపు, అనుమతి, ఆంక్షలు – ఈ నాలుగింటికీ కలిపి పెట్టుకున్న పొట్టిపేరు. 2006 డిసెంబరులో ఆమోదించారు, 2007 జూన్ 1 నించి అమల్లోకి వచ్చింది. దాని వ్యవహారాలు చూసే సంస్థ ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో వుంది. ఏడాదికి ఒక టన్ను, అంతకు మించి తయారుచేసినా దిగుమతి చేసుకున్నా దాన్ని నమోదు చేయించాలి. సమాచారం ఇవ్వకపోతే సరుకు బజారుకి రాదు. చట్టంలో పేజీలు బోలెడున్నా, గుండెకాయ మాత్రం ఈ ఒక్క ముక్కే.

నన్ను కట్టిపడేసింది అంతకుముందు జరిగిన కథ. 1981 దాకా యూరప్ బజారులో ఎన్ని రసాయనాలున్నాయో లెక్కవేస్తే లక్ష పైచిలుకు తేలాయి. ఆ ఏడు సెప్టెంబరు తర్వాత కొత్తగా వచ్చే ప్రతిదానికీ పరీక్షలు పెట్టాలన్నారు. బాగానే వుంది. మరి అప్పటికే వున్న ఆ లక్ష మాటేమిటి? వాటికి కొత్తవాటిలాగా అమ్మకానికి ముందు పరీక్షల్లేవు! అవి ముందునించీ వున్నాయి కాబట్టి వుండనిచ్చారు. వాటిల్లోంచి కొన్నింటిని మాత్రం ఏరి, తీరిగ్గా విచారించడం మొదలుపెట్టారు.

చదువుతున్న మీకు నవ్వొస్తోంది కదూ! కొత్తగా వచ్చిన కోడలికి అడుగడుగునా పరీక్షలు, నలభై ఏళ్ళుగా ఇంట్లో వున్న అత్తగారిని అడిగేవాళ్ళు లేరు. పోనీ దీనివల్ల మేలేమైనా జరిగిందా అంటే, కొత్తదాన్ని కనిపెడితే పరీక్షల ఖర్చు కదా అని కంపెనీలు పాతవాటినే పట్టుకు వేళ్ళాడాయట. మెరుగైన కోడలు వచ్చే దారి మూసుకుపోయింది. రీచ్ చేసిన పెద్దపని ఈ అత్తాకోడళ్ళ తేడా తీసెయ్యడం. పాతవైనా కొత్తవైనా అందరూ వచ్చి జాతకాలు చూపించండమ్మా అంది. 2010, 2013, 2018 – మూడు వాయిదాల్లో పెద్ద మొత్తాలవి ముందు, చిన్న మొత్తాలవి తర్వాత నమోదయ్యాయి. ఇప్పటికి ఇరవైరెండు వేలకి పైగా రసాయనాల జాతకాలు అక్కడ దొరుకుతాయి.

పొద్దున్నే యూనివర్సిటీలో నడకకి వెళ్ళే బృందంలో ఈ సంగతి చెప్పాను. ఆర్ట్స్ కాలేజీ ముందునించి చెట్లకింద నడుస్తూ ప్రపంచాన్ని రోజూ ఒకసారి చక్కదిద్దివచ్చే బృందం మాది. అందులో న్యాయశాస్త్రం బోధించి రిటైరైన మాస్టారు ఒకాయన వున్నారు. ఆయన ఆగిపోయి, చేతికర్ర నేలకి తాటించి, "ఇది అన్యాయమమ్మా!" అన్నారు.

"ఎందుకండీ?"

"నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషే అన్నది నాగరిక సమాజం ఎంతో రక్తం ధారపోసి సంపాదించుకున్న సూత్రం. నువ్వు నిర్దోషివని నువ్వే రుజువు చేసుకో అంటే ఎలా? రేపు నిన్నూ నన్నూ కూడా అలాగే అంటారు. అదీగాక, అన్నిటికీ ముందే రుజువులు కావాలంటే మంచి మందు కూడా ఆలస్యంగా వస్తుంది. పరీక్షల ఖర్చు పెద్ద కంపెనీ భరిస్తుంది, చిన్నవాడు చితికిపోతాడు. ఆ పరీక్షల్లో ఎన్ని ఎలకలూ కుందేళ్ళూ చస్తాయో!"

మాస్టారి మాట తీసిపారెయ్యదగింది కాదు. ఖర్చు సంగతి నిజం. జంతువుల సంగతీ నిజమే. వాటిమీద పరీక్ష ఆఖరి మార్గంగానే వుండాలని ఆ చట్టమే రాసుకుంది గాని, బొత్తిగా మానలేదు. ఆ రోజంతా వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆయన ప్రశ్నే మెదిలింది. సాయంత్రానికి నాకు తోచింది ఇది.

నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న సూత్రం మనిషి కోసం పుట్టింది. మనిషికి పరువుంది, స్వేచ్ఛ వుంది, ఇంటిదగ్గర ఎదురుచూసే పిల్లలున్నారు. తప్పు చెయ్యని మనిషిని జైల్లో పెడితే అతని బతుకు పోతుంది. ఫినాయిలుకి ఏం పోతుంది? బజారుకి రావడం రెండేళ్ళు ఆలస్యమైతే ఆ సీసా కుమిలి కుమిలి ఏడుస్తుందా? నష్టపోతే అమ్ముకునేవాడి లాభం నష్టపోతుంది, ఆ నష్టం డబ్బుతో లెక్కకొస్తుంది. మనిషికివ్వాల్సిన నమ్మకాన్ని తీసుకెళ్ళి మందుడబ్బాకి ఇచ్చాం. మందుడబ్బాకి పెట్టాల్సిన పరీక్ష తెచ్చి మనిషికి పెట్టాం. మాస్టారి సూత్రం తప్పు కాదు, దాన్ని మనం కప్పుతున్న తలే తప్పు.

ఇంకో మాట. ముందే రుజువు అడగం, హాని జరిగాక చూద్దాం అన్నామనుకోండి, ఆ రుజువు ఎక్కడినించి వస్తుంది? ఎవరో ఒకరి ఒంటిమీదనించి రావాలి! 1958లో కేరళలో గోధుమపిండిలో పురుగుమందు కలిసి నూరుమందికి పైగా చనిపోయారు. అది జరిగాకే మనకి 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. బాత్‌రూములు కడిగే ఆసిడ్‌ని ఎవరికిబడితే వాళ్ళకి అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013లో ఆంక్షలు పెట్టింది. దానికి ముందు ఎంతమంది అమ్మాయిల ముఖాలు కాలాయో మనకి తెలియదూ!

కలరా ఉండలనే తీసుకోండి. నేఫ్తలీన్‌తో చేసినవి. కొందరు పసిపిల్లలకి పుట్టుకతోనే ఒంట్లో ఒక ఎంజైము తక్కువగా వుంటుంది. పైకి ఏమీ తెలియదు. ఆ ఉండలు వేసి దాచిన బట్టల్లో అటువంటి బిడ్డని చుడితే, రక్తంలో ఎర్రకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరిపోవచ్చు. అమ్మమ్మ ఎంతో ప్రేమగా దాచివుంచిన మెత్తటి పాతచీర అది! ఏ తల్లి అనుమానిస్తుంది? 2008 నించి యూరప్‌లో వాటిని బట్టల పురుగుమందుగా అమ్మడానికి వీల్లేకుండా పోయింది. ఇలాంటివాటికీ, పొలాల మందులకీ అక్కడ రీచ్ కాక వేరే చట్టాలున్నాయి. చట్టాలు వేరైనా సూత్రం అదే – ముందు రుజువు, తర్వాతే అమ్మకం.

పొలాల మందులంటే మళ్ళీ మా తార్నాకకే రావాలి. నేను రసాయనాల పరిశోధనాలయం అన్నానే, అది 1944లో నిజాం ప్రభుత్వం కాలంలో మొదలైంది. 1956 నించి రీజినల్ రిసెర్చ్ లేబొరేటరీ. 1989లో ఐఐసీటీ అని పేరు మారింది గాని, పాతవాళ్ళు ఇప్పటికీ ఆర్.ఆర్.ఎల్. అనే అంటారు. ఆ ఆర్.ఆర్.ఎల్. రోజుల్లో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుని మన దేశంలోనే తయారుచేసే పద్ధతి అక్కడి సైంటిస్టులు రూపొందించారు. అప్పట్లో అది గర్వించదగిన పనే. విదేశీమారకం చాలక దేశం కటకటలాడుతున్న కాలం. తిండిగింజలకి కటకట. పరాయి దేశం నించి కొనే మందుని మనమే చేసుకుంటే ఎవరు కాదంటారు? వాళ్ళు మేలు చెయ్యాలనే చేశారు, అందులో నాకు సందేహం లేదు.

కాని ఆ మందు చరిత్ర ఎటు నడిచిందో చూడండి. పత్తి చేలల్లో చొక్కా అయినా లేకుండా పిచికారీ కొట్టిన కూలీలు సొమ్మసిల్లి పడ్డారు. అప్పులపాలైన రైతులు అదే డబ్బా ఎత్తి తాగారు. 2005లో కూరగాయల మీద దాన్ని వాడకూడదన్నారు. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో దొరికింది మోనోక్రోటోఫాసే! 2023లో కేంద్ర ప్రభుత్వం దాని 36 శాతం ద్రావణాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది, వున్న సరుకు అమ్ముకోడానికి గడువుతో సహా. యూరప్‌లో అప్పటికి ఎన్నో ఏళ్ళుగా దానికి అనుమతి లేదు.

ఒకనాటి మంచి ఇంకోనాటికి చెడుగా తేలడం సైన్సులోనే కాదు, సంసారంలోనూ వున్నదే. అలా తేలినప్పుడు ఎంత త్వరగా వదిలిపెట్టగలం అన్నదే అసలు పరీక్ష.

వదిలిపెట్టి ఏం పట్టుకోవాలి? ఇక్కడే పెద్ద చిక్కుంది. ప్రమాదకరమైనదాని బదులు సురక్షితమైనది వాడండి అనడం తేలిక. కాని పెనం మీంచి పొయ్యిలో పడ్డ కథలు బోలెడున్నాయి. డి.డి.టి. మట్టిలోనూ ఒంట్లోనూ ఏళ్ళతరబడి పేరుకుపోతోందని తెలిశాక, త్వరగా విరిగిపోయే మందులొచ్చాయి, హమ్మయ్య అనుకున్నారు. మోనోక్రోటోఫాస్ ఆ కొత్త తరానిదే! అది పేరుకుపోదు నిజమే, మనిషినే అక్కడికక్కడ పడేస్తుంది. సూపర్‌బజారులో బిల్లు ఇచ్చే నున్నటి కాయితం చూశారుగా, దానిమీద పూసే బిస్ఫినాల్-ఎ మంచిది కాదని యూరప్ 2020 జనవరి నించి దానికి గట్టి హద్దు పెట్టింది. చాలాచోట్ల దాని బదులు వచ్చింది బిస్ఫినాల్-ఎస్. ఇంటిపేరు అదే, ఒంటిపేరు మారింది. దానిమీదా అనుమానాలే. పెద్దకోడలు గయ్యాళిదని ఆవిడ చెల్లెల్నే రెండోకోడలిగా తెచ్చుకున్నట్టుంది వ్యవహారం.

అందుకని 'దీని బదులు ఏది?' అని అడిగేముందు, 'అసలు ఇది దేనికి?' అని అడగాలనిపిస్తుంది నాకు. ఈ ప్రశ్న అడిగిన ఊరొకటి వుంది. ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. మందుల అప్పులతో నలిగిపోయిన ఆ ఊళ్ళో, 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో రైతులు రసాయన పురుగుమందులు మానేశారు. దీనికి పట్టుబట్టినవాళ్ళలో ఊళ్ళో ఆడవాళ్ళ పొదుపు సంఘాలు ముందున్నాయి. వాళ్ళు ఒక మందు మానేసి దానికంటే చల్లటి ఇంకో మందు కొనుక్కోలేదు. పురుగు ఎప్పుడు గుడ్డు పెడుతుంది, ఏ చెట్టుని ఇష్టపడుతుంది అని పురుగునే చదివారు. వేపగింజల కషాయం, పచ్చిమిరప–వెల్లుల్లి కషాయం కాచారు. చేను చుట్టూ ఆముదం, మధ్యమధ్య బంతి వేసి పురుగుని అటు మళ్ళించారు. పిట్టలు వాలడానికి కొమ్మలు పాతారు. మగ రెక్కలపురుగుల్ని ఆడపురుగు వాసనతో మాయచేసి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టారు. పంట దక్కింది, మందు ఖర్చు మిగిలింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి చూసివెళ్ళారు. ఈ పద్ధతిని ఊరూరికీ తీసుకెళ్ళినవాళ్ళలో తార్నాకలో కార్యాలయం పెట్టుకుని పనిచేసిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఒకటి. అంతేనా? ఆ లింగాకర్షక ఎరలమీద పరిశోధన చేసిన సంస్థల్లో మా ఐఐసీటీ కూడా వుంది! ఒకనాడు మోనోక్రోటోఫాస్ పద్ధతి బయటికొచ్చిన గేటులోంచే ఇదీ బయటికొచ్చింది. ఆ గేటు ముందునించి నడిచినప్పుడల్లా నాకు తప్పులెన్నాలని అనిపించదు. పెద్దవయసులో దారి మార్చుకోగలిగిన ఇంటిపెద్దని చూసినట్టుంటుంది.

యూరప్ వాళ్ళని మరీ మునుల్ని చేసి చూపిస్తున్నాననుకోకండి. తమ పొలాల్లో కొట్టకూడదన్న పురుగుమందుల్ని అక్కడి కర్మాగారాల్లోనే తయారుచేసి ఇతర దేశాలకి అమ్ముతూ వచ్చారు. ఫ్రాన్సు మాత్రం 2022 నించి అలాంటి ఎగుమతి కూడదని చట్టం పెట్టుకుంది. తన వాకిలి శుభ్రంగా ఊడ్చి, చెత్త పక్కింటి అరుగుమీద పోసే ఇల్లాలిని మనం మెచ్చుకోం కదా! నా బిడ్డకి పనికిరానిది ఇంకొకరి బిడ్డకెలా పనికొస్తుంది అన్నది ఏ చట్టంలోనైనా ఆఖరికి తేల్చుకోవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న దేశాల మధ్యే కాదు, మన వంటింటికీ పెరటికీ మధ్య కూడా వుంది. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ వేళ్ళ చివర చర్మం ఎప్పుడూ పొరలు లేచి ఎర్రగా వుంటుంది. మా వీధిలో బోరునీళ్ళు, బాత్‌రూము పలకలన్నీ తెల్లటి ఉప్పు మరకలు. మా ఇంట్లో ఆసిడ్ లేదు. నిమ్మ ఉప్పు నీళ్ళల్లో కలిపి చల్లి, అరగంట వుంచి రుద్దితే మరక పోతుంది. కాస్త ఓపిక కావాలంతే. కాని ఆవిడ పనిచేసేది నాలుగిళ్ళలో. మిగిలిన మూడిళ్ళలోనూ ఆసిడే. చేతులు చూసి అడిగితే, "ఏం గాదమ్మా, అలవాటే" అంటుంది. ఆసిడ్ పొగకి దగ్గొస్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుందట.

నా ఒక్క ఇంటి మంచితనం ఆవిడ చేతుల్ని కాపాడలేకపోయింది. నాలుగోవంతు కాపాడిందంటారా? కాలిన చెయ్యి నాలుగోవంతు నయమవడమనేది వుండదు. అందుకే ఇది ఇంటికొక నీతిగా వదిలెయ్యవలసిన విషయం కాదనిపిస్తుంది. ఆ మూడిళ్ళ ఇల్లాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. పండక్కి ఆవిడకి చీర పెడతారు, జ్వరమొస్తే మాత్రలిస్తారు. చౌకగా దొరుకుతోంది, అందరూ వాడుతున్నారు, వాడుతున్నారు – అంతే. మంచివాళ్ళ చేతుల మీదుగానే హాని జరిగిపోతూ వుంటే, దాన్ని ఆపడానికి చట్టం కావాలి. అది తయారీ దగ్గరే ఆపాలి. మన దేశంలోనూ 2020లో రసాయనాల నిర్వహణ, భద్రత కోసం రీచ్‌లాంటి నిబంధనల ముసాయిదా ఒకటి తయారైంది. ఆలోచన అయితే కొత్తది కాదన్నమాట.

తార్నాక అన్న పేరు ఎలా వచ్చిందో చెబుతారు మా పెద్దలు. నిజాం కాలంలో ఇక్కడో మామిడితోట వుండేదట. దాని చుట్టూ తీగకంచె, దగ్గర కాపలావాళ్ళ చౌకీ. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. వచ్చేవాళ్ళని నాకా దగ్గర ఆపి, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని అడిగేవారన్నమాట. కాసిని మామిడికాయల కోసమే అంత కట్టుదిట్టం చేసుకున్నారు. పిల్లలు పాకే గచ్చుమీదికి, పనిచేసే చేతుల మీదికి వచ్చేవాటికి ఒక నాకా అక్కర్లేదా?

యూరప్ చట్టంలో మన ఆడవాళ్ళకి నచ్చే ఏర్పాటు ఒకటుంది. కొనే వస్తువులో బాగా ఆందోళన పడవలసిన రసాయనాలున్నాయా అని దుకాణం వాణ్ణి ఎవరైనా అడగొచ్చు. వాళ్ళ జాబితాలో వున్నది వెయ్యింట ఒకపాలుకి మించి వుంటే, 45 రోజుల్లో, డబ్బు తీసుకోకుండా జవాబు చెప్పాలి. ఇక్కడ మనకి అలా అడిగి జవాబు రాబట్టుకునే హక్కు రాసి లేకపోవచ్చు. అయినా అడగొద్దని కూడా ఎవరూ రాయలేదుగా!

మొన్న మా కిరాణా దుకాణంలో నేల తుడిచే మందు సీసా తీసి, "ఇందులో ఏముందండీ?" అన్నాను. ఆయన తెల్లబోయి, సీసా అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైకి నెట్టి, చీమతలకాయంత అక్షరాలు చదవబోయి వదిలేశాడు. "ఇరవై ఏళ్ళనించి అమ్ముతున్నానమ్మా, ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఈసారి ఏజెంటొస్తే అడుగుతా" అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు తమ సంచుల్లోంచి సీసాలు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు.

మీరూ ఒకసారి అడిగి చూడండి. మొహమాటమెందుకు? పెళ్ళిచూపుల్లో చాపమీద కూర్చోబెట్టి మనల్ని అన్నేసి అడిగారే, అప్పుడు ఎవరైనా మొహమాటపడ్డారా!